మూటలకు నడిచి, మనుషులకు మొరాయించిన మోటారు

అనంతపురం జిల్లాలో బోటు మోటార్ల మెకానిక్‌నని చెప్పుకుంటే నవ్వని మనిషి నాకు ఇంతవరకూ తగల్లేదు. ఒకసారి రాయదుర్గం బస్సులో పక్క సీటు పెద్దాయన నా చేతికంటిన గ్రీజు చూసి అడిగాడు.

"ఏం పనప్పా నీది?"

"బోటు మోటార్లు రిపేరు చేస్తానన్నా."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. కనుచూపు మేర ఎర్రనేల, ఎండిన వేరుశనగ చేలు, దూరంగా తిరుగుతున్న విండ్‌మిల్లులు.

"ముందు నీళ్లు రిపేరు చెయ్యి నాయనా. మోటారు సంగతి తర్వాత సూద్దాం" అన్నాడు. ముందు సీట్ల వాళ్లంతా వెనక్కి తిరిగి మరీ నవ్వారు.

ఆ పని నేను మానేసి కొంతకాలమైంది. రిటైరయ్యానంటే మా ఇంట్లో వాళ్లకే నవ్వు. నాకింకా తలలో తెల్లవెంట్రుక రాలేదు. కానీ మా రేవు దగ్గర వంతెన లేచింది, బోటు ఒడ్డున బోర్లా పడింది, నేను విండ్‌మిల్లుల మెయింటెనెన్సులో చేరాను. బోట్ల పని నాకు ముగిసింది. దానికి రిటైర్మెంటు కాక వేరే మాట దొరకలేదు. ఇప్పుడు కాలవ నీళ్లు వచ్చే కొద్దీ జిల్లాలో ఇంకొన్ని చోట్ల బోట్లు దింపుతున్నారు. మా పాలిటెక్నిక్ జూనియర్లు కొందరు ఆ పనికి పోతూ "ఎట్లుంటాదన్నా?" అని అడుగుతున్నారు. ఇది వాళ్ల కోసం. జీతం సంగతులు, పైవాళ్లకు పంపాల్సిన కాగితాల సంగతులు మీకు ఎవరైనా చెబుతారు. నేను ఒక్క మోటారు గురించి చెబుతాను.

ఈ పనిలో రిపేరుకు పట్టే సమయం కొంచెమే. మిగతాదంతా ఏమైందో తెలియక మోటారు పక్కన కూర్చునే సమయం. ఎలా కూర్చోవాలో నాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు.

నీళ్ల కింద పొలాలు

మాది ఒక చిన్న రిజర్వాయరు. కాలవ వదిలిన నెలల్లో దాని వెనక నీళ్లు పాకి ఒక పల్లెను బస్సు రోడ్డు నుంచి విడదీసేవి. చుట్టూ తిరిగి పోవాలంటే సగం పూట. అడ్డంగా బోటులో పోతే అర్ధగంట కూడా పట్టదు. ఆ పల్లె ఆడవాళ్లు చాలామంది రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్లకు పోయేవాళ్లు. పొద్దుటి బస్సు తప్పితే ఆ రోజు పని లేనట్టే.

నీళ్లు పెద్ద లోతు ఉండవు. కింద ఉన్నవి మొన్నటిదాకా దున్నిన పొలాలే. తుమ్మచెట్ల మోళ్లు, పాత బావుల రాతి గోడలు నీటికి జానెడు కిందే దాక్కుని ఉంటాయి. ఆషాఢంలో మా గాలి సంగతి మీకు తెలుసు. మధ్యలో మోటారు ఆగితే గాలి బోటును నేరుగా ఆ రాళ్ల మీదికి తోస్తుంది.

మోటారు పాతది. రెండు సిలిండర్లు, వాటికి నిప్పురవ్వ ఇచ్చే రెండు ప్లగ్గులు, పెట్రోలులో ఆయిల్ కలిపి పోసే రకం. బోటు వెనక చెక్కకు బిగించి ఉండేది. పెట్రోలు ట్యాంకు మాత్రం విడిగా, బోటు మధ్యలో కూర్చునే పలక పక్కన, ఒక ఎర్ర డబ్బా. దాని మూత మీద చిన్న గాలి స్క్రూ. నడిచేటప్పుడు అది వదులుగా ఉండాలి, ఒడ్డుకు కట్టేశాక బిగించాలి. డబ్బా నుంచి మోటారుకు రబ్బరు పైపు, పైపు మధ్యలో చేత్తో పిసికితే పెట్రోలు ఎక్కే రబ్బరు బల్బు. మా ఎండకు రబ్బరు ఒక్క వేసవిలోనే పగుళ్లిస్తుంది కాబట్టి డ్రైవరు ఆ పైపునూ బల్బునూ కలిపి గోనెపట్టాతో చుట్టి పెట్టేవాడు. మంచి పనే. నేనే మెచ్చుకున్నాను కూడా.

సావుకారి, డ్రైవరు

ఆ రేవును వేలంపాటలో దక్కించుకున్నది దగ్గరి ఊళ్లో నూనె వ్యాపారం చేసే వెంకటేశ శెట్టి. అందరూ సావుకారి అంటారు. నూనె కొట్టులో పుట్టి పెరిగిన మనిషి. కొట్టుకు పోతే మనతో మాట్లాడుతూనే పక్కనున్న డబ్బాల మూతలు ఒక్కొక్కటీ తట్టి చూసుకుంటుండేవాడు. నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. "ఏమప్పా డిప్లొమా" అనేవాడు.

యజమానిగా ఆయన చెడ్డవాడు కాదు. స్పేరు పార్టు కావాలంటే బేరమాడకుండా తెప్పించేవాడు, అది అందరు యజమానులూ చేయరు. ఆయనతో ఇబ్బంది ఒక్కటే. ముందు తీర్పు చెప్పి, తర్వాత సాక్ష్యం వెతుక్కునేవాడు. మీకు తగిలే పైవాళ్లలో సగం మంది ఇలాగే ఉంటారు. మిగతా సగం తీర్పే చెప్పరు. వాళ్లకన్నా ఈయనే నయం.

డ్రైవరు ఎర్రిస్వామి ఆ పల్లెవాడే. బోర్లు వేసి వేసి నీళ్లు పడక వేరుశనగ మానేసి, లారీ నడిపి, చివరికి ఆ పొలం మీదికే నీళ్లు వస్తే వాటి మీద బోటు నడిపాడు. "నా బోరులో పడని నీళ్లన్నీ ఈడికే వచ్చినాయప్పా" అనేవాడు. నోరు ఎక్కువ, చెయ్యి శుభ్రం. బయల్దేరేముందు గాలి స్క్రూ వదులు చేయడం, కట్టేశాక బిగించడం ఒక్కరోజూ మరవలేదు. నేను కళ్లారా చూశాను. చూశాను కాబట్టే దాని గురించి మళ్లీ ఆలోచించలేదు. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి.

జబ్బు

గాలులు మొదలైన రోజుల్లో ఎర్రిస్వామి ఫోను చేశాడు.

"ఇంజనీరప్పా, ఇది దగ్గుతాండాది."

"ఎప్పుడు?"

"బయలుదేరేటప్పుడు బాగుంటాది. నడిమధ్యకు పోతానే కుంటుతాది. ఒక సిలిండరే పని చేస్తాన్నట్ల కొట్టుకుంటాది. ఇంక కొంచెం దూరం పోయి నిలబడిపోతాది. ట్యాంకు మూత తీసి పెట్రోలు ఉండాదా అని సూసి మళ్లా లాగితే వస్తాది, ఒడ్డుకు చేరుస్తాది. దానికేమో నడిమధ్య మీద పగ."

నేను పోయేసరికి పరిస్థితి మోటారును దాటిపోయింది. రెండుసార్లు బోటు ఆగి గాలికి కొట్టుకుపోయి బావి గోడకు రాసుకుంది. ఆడవాళ్లకు బస్సు తప్పింది. ఆ కబురు విని శెట్టి గారు రేవుకు వచ్చి, బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్లందరి ముందూ ఎర్రిస్వామిని నిలదీశారు.

"నా పెట్రోలు యాడికి పోతాండాది? కిరసనాయిలు కలిపితే మోటారు ఇట్లనే దగ్గుతాది. నాకు తెలీదనుకున్యావా?"

"దేవుని తోడు సావుకారీ, నేను ఒక్క చుక్క ముట్టలేదు."

"దేవుడు పెట్రోలు పొయ్యడు. నేను పోస్తాండా. ఇంకొక్కసారి ఆగిందంటే కోస్తా నుంచి డ్రైవరును పిలిపిస్తా."

ఈ మాటలు నాకు చెప్పింది లక్ష్మీదేవక్క. ఆ ఆడవాళ్లలో పెద్దతలకాయ ఆమె. బోటులో మధ్య పలక మీద, తడి తగలని చోటు ఎప్పుడూ ఆమెదే. "ఎర్రిస్వామి నోరు లేని మనిషైపోయినాడప్పా. వాడు ఊరుకోవడం నేను ఎప్పుడూ సూళ్లేదు" అంది.

ఎర్రిస్వామి నాతో ఉద్యోగం గురించి ఒక్క మాటా అనలేదు. "దొంగ అనె. అందరి ముందర అనె" అన్నాడు, అంతే. నన్ను పిలిపించింది మోటారు బాగుచేయడానికే. కానీ అసలు నేను తేల్చాల్సింది ఆ ఒక్క మాట అని అప్పుడర్థమైంది.

నేను కొట్టేసిన పేర్లు

పాలిటెక్నిక్‌లో మాకు నేర్పిన పద్ధతి ఇది: మోటారు సరిగ్గా నడవాలంటే పెట్రోలు రావాలి, గాలి రావాలి, నిప్పురవ్వ రావాలి, చల్లదనం ఉండాలి. ఒక్కోదాన్నీ పరీక్షించు, బాగుంటే పేరు కొట్టెయ్యి, చివరికి మిగిలిందే దొంగ.

ముందు పెట్రోలు. గాజు సీసాలో పోసి ఎండకు పట్టి చూశాను. నీళ్లు లేవు. కిరసనాయిలు వాసన లేదు. ఈ సంగతి శెట్టి గారికి ఫోనులో చెబితే "నువ్వొస్తాండావని తెలిసి మార్చింటాడు" అన్నారు. పరీక్ష సరిగ్గా చేసినా నమ్మే మనిషి లేకపోతే అది పరీక్ష కింద లెక్క రాదు.

తర్వాత పెట్రోలునూ గాలినీ కలిపే కార్బురేటరు. విప్పితే అడుగున మా ఎర్రదుమ్ము సన్నటి పొరగా ఉంది. కడిగాను. దొరికిందనుకుని సంబరపడ్డాను. మర్నాడు పొద్దున నడిమధ్యలో మళ్లీ ఆగింది.

తర్వాత ప్రొపెల్లరు. దాన్ని ఊడదీస్తే వెనక ఇరుసుకు నీలం దారం కుప్పలుగా చుట్టుకుని ఉంది. జీన్స్ దారం. ఆడవాళ్లు యూనిట్ల నుంచి ప్యాంట్లు మూటలుగా తెచ్చుకుని, బోటులోనే దారప్పోగులు కత్తిరించుకుంటూ పోయేవాళ్లు. గాలికి అవి నీళ్లలో పడి ఇరుసుకు చుట్టుకున్నాయి. ఇంత దారం చుట్టుకుంటే మోటారు కుంటక ఏం చేస్తుంది? కోసేసి, ఈసారి ఎర్రిస్వామికి ధైర్యం కూడా చెప్పాను. మర్నాడు మళ్లీ ఆగింది.

ఈసారి నేనూ బోటులోనే ఉన్నాను. అది ఆగిన క్షణం నుంచి నేను చేసింది పూర్తిగా చెబుతాను, ఎందుకంటే తికమకంతా ఇక్కడే పుట్టింది. నేను వెనక కూర్చుని మోటారు పైకప్పు తీసి, రెండు ప్లగ్గులూ విప్పి కొత్తవి బిగించాను. అదే సమయంలో ఎర్రిస్వామి మధ్యలోకి పోయి ట్యాంకు మూత మొత్తం ఊడదీసి "సూడండమ్మా, నిండుగా ఉండాది. నేను తాగలేదు" అని ఆడవాళ్లకు చూపించి మళ్లీ మూత పెట్టాడు. దొంగ అన్న మాట పడ్డప్పటి నుంచి బోటు ఆగినప్పుడల్లా అతను చేసే మొదటి పని అదే. తాడు లాగాము. మోటారు పాట పాడినట్టు నడిచింది.

ప్లగ్గులు అని నేను తేల్చేశాను. ఇద్దరం రెండు పనులు చేశాం, మోటారు బాగైంది, పేరు నా పనికి రాసుకున్నాను. మర్నాడు కొత్త ప్లగ్గులతోనే ఆగింది.

ఎర్రిస్వామి మోటారుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. దిష్టి అన్నాడు. నేను నవ్వలేదు. నా దగ్గర అంతకన్నా మంచి కారణం లేదు.

మూటలు

అప్పటికి నాకు తేలిన సంగతి ఒక్కటే. నేనూ ఎర్రిస్వామీ ఇద్దరమే పోతే మోటారు ఎంతసేపైనా నడిచేది. మనుషులెక్కితే ఆగేది. దీన్నిబట్టి బరువే కారణమనుకున్నాను. బరువెక్కితే మోటారు ఎక్కువ పెట్రోలు అడుగుతుంది, ఎక్కడో సందు చాలక అందడం లేదు. ఇది మంచి వాదన. ఇప్పటికీ మంచి వాదనే.

రుజువు కోసం ఎర్రిస్వామి ఇంట్లోని, పక్కిళ్లలోని వేరుశనగ మూటలన్నీ బోటులోకి ఎక్కించాం. ఆడవాళ్లందరి బరువుకు తగ్గకుండా చూశాం. లక్ష్మీదేవక్క ఒడ్డు మీద నిలబడి "ఏ మూట నేను? ఆ చిరిగిందా?" అని అడిగింది.

మోటారు మూటలను అవతలి ఒడ్డుకు చేర్చింది. ఇవతలికి తెచ్చింది. మళ్లీ తీసుకుపోయి మళ్లీ తెచ్చింది. ఒక్కసారి కూడా దగ్గలేదు.

మూటలు దింపి ఆడవాళ్లను ఎక్కించాం. నడిమధ్యలో ఆగింది.

నేను పైకప్పు మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. అదే బరువు, అదే పెట్రోలు, అదే గాలి. మూటలు చేయనిది మనుషులు ఏం చేస్తారు? మనుషులు మాట్లాడతారు. లేస్తారు, కూర్చుంటారు. ఒక పక్కకు ఒరుగుతారు. నీళ్లలో చెయ్యి పెడతారు. దారాలు కత్తిరిస్తారు. వీటిలో ఏది సిలిండరును ఆపుతుంది? నా చదువులో మోటారుకు మనుషులు తెలియరు. మోటారుకు తెలిసింది బరువొక్కటే.

"దీనికి ఆడోళ్లంటే సిగ్గేమోప్పా" అన్నాడు ఎర్రిస్వామి, మళ్లీ ట్యాంకు మూత తీసి చూపిస్తూ. బావి గోడ దగ్గరపడుతోంది.

శెట్టి గారి క్యాను

ఆ సాయంత్రం శెట్టి గారు ఫోనులో తన పరీక్ష తనే నిర్ణయించారు. ఊళ్లోని బంకులో తనే పట్టించిన పెట్రోలు తెస్తారు. తన చేత్తోనే ట్యాంకులో పోస్తారు. తన ముందరే బోటు నడవాలి. బాగా నడిచిందా, లోపం ఎర్రిస్వామి పెట్రోలుదే, అంటే ఎర్రిస్వామిదే. ఆ రోజుతో సెలవు. ఆగిందా, ఎర్రిస్వామి తప్పు లేనట్టు.

"ప్యాసింజర్లు ఉంటేనే ఆగుతాంది సావుకారీ. వాళ్లను కూడా ఎక్కించుకుందాం" అన్నాను.

"యాల? వాళ్లంతా వాని ఊరోళ్లు. ఎవరన్నా ఏమన్నా చేస్తే? మనం ముగ్గురమే."

ఖాళీ బోటు ఎప్పుడూ ఆగలేదు. కాబట్టి రేపు ఆగదు. కాబట్టి రేపటితో ఎర్రిస్వామి దొంగ అవుతాడు, అది కూడా నా సమక్షంలో, ఒక పరీక్ష ద్వారా. ఇందులో ఏ మెట్టూ తప్పు కాదు, చివరికి వచ్చింది మాత్రం అబద్ధం. ఎక్కడ తప్పుతోందో ఎంత వెతికినా నాకు దొరకలేదు.

పొద్దున రేవులో ఎర్రిస్వామిని పక్కకు పిలిచాను. "అన్నా, ఒక ప్లగ్గు వైరు కొంచెం వదులు చేస్తా. నడిమధ్యకు పోతానే ఊడిపోతాది. ఆయనకేం తెలుస్తాది?"

"వద్దప్పా. దొంగతనం చెయ్యనోనికి దొంగసాక్ష్యం యాలా?" అన్నాడు.

తెల్లారకముందే బయల్దేరి చుట్టూ తిరిగి కారులో వచ్చిన శెట్టి గారు తెల్లపంచెతో దిగి, క్యాను ఎత్తి తనే పోశారు. మూత పెట్టారు. ఎర్రిస్వామి రోజూలాగే గాలి స్క్రూ వదులు చేశాడు. నేను చూశాను. శెట్టి గారు తడి లేని చోటు చూసుకుని మధ్య పలక మీద కూర్చున్నారు. ఒడ్డు మీద లక్ష్మీదేవక్క, మిగతా ఆడవాళ్లు బస్సుకు ఇంకా టైముందని నిలబడి చూస్తున్నారు.

మోటారు ఒక్క లాగుడుకే అందుకుంది. జీవితంలో మొదటిసారి, చివరిసారి, ఒక మోటారు చెడిపోవాలని దేవుణ్ణి మొక్కాను.

"వింటాండావా డిప్లొమా?" శెట్టి గారు గాలికి ఎదురుగా అరిచారు. "ఇదీ పెట్రోలంటే! ఎట్ల పోతాందో సూడు!"

ఎర్రిస్వామి స్టీరింగు కడ్డీ పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. శెట్టి గారు నూనె ధరలు, వాళ్ల నాయన కాలం నాటి వ్యాపారం చెప్పుకుంటూ పోయారు. నడిమధ్యకు చేరాం.

మోటారు దగ్గింది.

ఎర్రిస్వామి నా వైపు తిరిగాడు. నేను వైరు ముట్టలేదని చేతులు చూపించాను. మళ్లీ దగ్గింది. ఒక సిలిండరు మీద కుంటడం మొదలైంది.

"ఏమప్పా, ఏమాయె?" అన్నారు శెట్టి గారు. "నా పెట్రోలే గదా!"

అంతకుముందు అన్నిసార్లూ నేను మోటారు పైకప్పు తీశాను. ఈసారి తీయలేదు. తీసి చూసినవన్నీ బాగున్నాయని నాకు తెలుసు. చూడనిది ఏముందా అని చుట్టూ చూస్తే కాళ్ల దగ్గర గోనెపట్టా కనిపించింది. లాగేశాను. కింద రబ్బరు బల్బు ఎండిన ఖర్జూరంలా లోపలికి పీక్కుపోయి ఉంది. మోటారు పీలుస్తోంది, ట్యాంకు ఇవ్వడం లేదు. పెట్రోలు పోయిన చోటులోకి గాలి రావాలి. గాలి రావడం లేదు.

ట్యాంకు వైపు చూశాను. గాలి స్క్రూ గట్టిగా బిగించి ఉంది. శెట్టి గారి కుడిచేయి దాని మీదే ఉంది.

"సావుకారీ, ఆ స్క్రూ ఎవరు బిగించినారు?"

"నేనే బిగిస్తి!" ఆయనకు కోపం వచ్చింది. "మూత వదులుగా పెట్టి బయలుదేరుతారా? ఈ ఎండకు నా పెట్రోలంతా గాల్లోకే పోతాండాది. రోజూ ఇట్లే చేస్తాండారా మీరు?"

"కొంచెం వదులు చెయ్యండి."

"యాల?"

"చెయ్యండి సావుకారీ."

ఆయన తిప్పారు. ట్యాంకు పెద్దగా ఊపిరి పీల్చింది. నా కాళ్ల దగ్గర బల్బు మెల్లగా ఉబ్బి గుండ్రమైంది. చావబోయిన మోటారు రెండో సిలిండరును అందుకుని సాఫీ అయింది.

శెట్టి గారు తన వేళ్ల వైపు చూసుకున్నారు. ఆయన నమ్మలేదు. మళ్లీ బిగించారు. మేం ఆగి చూశాం. కాసేపటికి దగ్గింది. వదులు చేశారు. బాగైంది. ఎంత లేదన్నా ఆయన చేసింది నేను చేసిన వాటికన్నా మంచి పరీక్ష. ఒకసారికి ఒక్కటే మార్చారు.

తేలింది, తేలనిది

మా వైపు నీళ్ల డ్రమ్ము మూత తెరిచి వదిలేసినందుకు దెబ్బ తినకుండా పెరిగిన పిల్లలు లేరు. బిందెకు మూత, తొట్టికి మూత, నూనె డబ్బాకు మూత. వదులుగా ఉన్న మూత పక్కన మా మనిషిని కూర్చోబెడితే అతని చెయ్యి దాన్ని బిగించేస్తుంది. మనిషికి తెలియను కూడా తెలియదు. నీళ్లు సమృద్ధిగా ఉన్న ఊళ్లో ఈ మోటారు ఎప్పటికీ ఆగి ఉండేది కాదేమో. ఎర్రిస్వామి మూత ఊడదీసి చూపించిన ప్రతిసారీ లోపల గాలి చొరబడి మోటారు ఒడ్డుదాకా నడిచేది. ఒడ్డున కట్టేశాక ఎలాగూ బిగించేదే కాబట్టి అది అప్పటికే బిగిసి ఉందని అతనికి తట్టేది కాదు. మూటలకు చేతులు లేవు.

అయినా నా తికమక పూర్తిగా పోయిందని చెప్పలేను. దుమ్ము, నీలం దారం, పాత ప్లగ్గులు వీటి పాలు ఎంత? అసలు ఏమైనా ఉందా? నాకు తెలియదు. ఒకసారి సరిచూసిన వస్తువు ఆ తర్వాత కూడా సరిగ్గానే ఉంటుందని నేను ఎలా అనుకున్నానో అదీ తెలియదు. మీరు పేర్లు కొట్టేయండి, కానీ పెన్సిలుతో కొట్టేయండి. మోటారు బాగైన ప్రతిసారీ ఆ క్షణంలో బోటులో ఇంకెవరు ఏం చేస్తున్నారో చూడండి. కొత్త మోటారు వచ్చిన పెట్టెలో దానికి సంబంధించిన పుస్తకం ఉంటుంది. అందులో బోటు బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మలో మనుషులుండరు.

ఒడ్డు

తిరిగి వచ్చేటప్పుడు శెట్టి గారు చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకున్నారు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. ఆగితే ఎర్రిస్వామి తప్పు లేదని ఫోనులో నాతో అన్న మాట నాకొక్కడికే తెలుసు. దొంగ అన్న మాట మాత్రం రేవంతా విన్నది. ఆయన దిగి నేరుగా కారెక్కి పోతే ఈ స్క్రూ సంగతి మోటారుకు పనికొస్తుంది, ఎర్రిస్వామికి ఎందుకూ పనికిరాదు.

బోటు రేవుకు తగిలింది. లక్ష్మీదేవక్క ముందే అడిగేసింది.

"ఏమాయె సావుకారీ? కిరసనాయిలేనా?"

శెట్టి గారు పంచె ఎత్తి పట్టుకుని దిగారు. కారు వైపు రెండడుగులు వేసి ఆగారు. వెనక్కి తిరిగి కుడిచేయి ఎత్తి అందరికీ చూపించారు.

"ఈ చెయ్యి" అన్నారు. "ట్యాంకు మీద గాలి పోయే మర ఉండాది. నేనే బిగిస్తి. దానికి ఊపిరాడక ఆగిపోయె. పెట్రోలు బాగుండాది. వాడు... ఎర్రిస్వామి సరిగ్గానే ఉండాడు. నేను అన్న మాట తప్పు."

అప్పుడు లక్ష్మీదేవక్క తన చెయ్యి తను చూసుకుంది.

"ఆ ఎర్ర డబ్బా మీదుండేదా? నల్లగా, చిన్నది?"

"అదే" అన్నాను.

"అది నేను రోజూ బిగిస్తాంటినే! ఈ గాలులు మొదలైనప్పట్నుంచి మూతికి వాసన కొడతాంటే..."

"నేను గూడా" అంది వెనక నుంచి ఇంకొకామె. "నువ్వు రాని దినం ఆడ నేనే కూర్చుంటి గదక్కా."

"మొన్న నేనూ బిగిస్తి. వదులుగా ఉంటే పడిపోతాదని."

ఎర్రిస్వామి బోటులోనే నిలబడి ఉన్నాడు. శెట్టి గారు తప్పు ఒప్పుకున్నప్పుడు కదలని మనిషి ఇప్పుడు తలగుడ్డ తీసి పలకకేసి కొట్టాడు. ఆ వారాల్లో పోయిన నోరంతా ఒక్కసారిగా వెనక్కి వచ్చింది.

"మీ చేతులు పడిపోను! నన్ను దొంగను చేసిందీ మీరే, అయ్యో పాపం అనిందీ మీరే! నా ఇంటి మూటలన్నీ మోయిస్తిరి గదే! నిమ్మకాయలకు నేను పెట్టిన దుడ్లు ఎవరిస్తారే?"

"అరిచింది చాలు గానీ బస్సు పోతాదిరా, ఎక్కించుకో" అంది లక్ష్మీదేవక్క. శెట్టి గారి మూతి కూడా ఒక పక్కకు లాగింది. అది నవ్వేనని అనుకుంటున్నాను.

బస్సు నిలిచేది అవతలి ఒడ్డున. ఆడవాళ్లు జీన్స్ మూటలు ముందు సర్దుకుని ఎక్కారు. ఎర్రిస్వామి గాలి స్క్రూ వదులు చేసి, అది వదులుగా ఉందని ఒక్కొక్కరి ముఖంలోకీ చూస్తూ చెప్పాడు. మోటారు అందుకుంది.

ఎదురుగాలి కొడుతోంది. నేను వెనక కూర్చుని, పైకప్పు మీద చెయ్యి పెట్టుకుని చూశాను. ఆ రోజు ఎవరూ దారాలు కత్తిరించలేదు, ఎవరూ నీళ్లు ముట్టలేదు. పలకల మీద వరుసగా కూర్చున్న అందరి చేతులూ, బడిలో కూర్చోబెట్టిన పిల్లల చేతుల్లా, ఒళ్లో కట్టుకునే ఉన్నాయి. బోటు నడిమధ్య దాటింది.